విషయం: ల్యాప్‌టాప్ మెల్లగా నడుచుట గురించి

వనపర్తిలో మా వీధి చివర ఉన్న కర్రీ పాయింట్ మీద నాకొక ఫిర్యాదు ఉంది. వాళ్లు కట్టిచ్చే పప్పు ప్యాకెట్ ఒక మనిషికి ఎక్కువ, ఇద్దరికి తక్కువ. ఊళ్లో ఎక్కడో ఒకటిన్నర మనిషి ఉన్నాడని, అతని కోసమే వండుతున్నారని నా అనుమానం. ఒక పూట తిని మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే రెండో పూటకి అది పప్పులా ఉండదు. పప్పు గురించి ఎవరో చెప్పగా విన్నట్టు ఉంటుంది. "సగం కట్టరాదా అమ్మా" అని ఒకరోజు అడిగాను. గరిటె పట్టుకున్నామె నన్ను పైనుంచి కిందికి చూసి, "సగం కడితే దారం నిలవదు సార్" అంది. సాంకేతిక కారణం చెప్పాక వాదించడం నా చదువుకు తగదని ఊరుకున్నాను. ఆ మిగిలిన పప్పుకు సరిపడే చిన్న డబ్బా కోసం మొన్నొక ఆదివారం బీరువా కింది అర వెతుకుతుంటే, స్టీలు డబ్బాల వెనక నుంచి అక్క ల్యాప్‌టాప్ బయటికి వచ్చింది.

ల్యాప్‌టాప్ అనడం కొంత మర్యాద. పెద్ద సైజు నోటుపుస్తకమంత ఉంటుంది. అక్క పాత తువ్వాలులో చుట్టి, వైరును టైపు మిషన్ రిబ్బన్ ముక్కతో కట్టి ఉంది. ఆ ముడి అక్కదే. పోయిన ఏడాది గద్వాలలో అక్క చనిపోయాక, ఆమె గది ఖాళీ చేస్తూ బైబిల్‌నీ దీన్నీ నేను తెచ్చుకుని, మిగతావి అడిగినవాళ్లకు ఇచ్చేశాను. మానవపాడు నుంచి వచ్చిన బంధువులు సమాధి దగ్గర అందరూ ఒకటే మాట అన్నారు: "ఎస్తేరు ఎన్నడు ఎవర్ని ఏది అడగలే." వాళ్లు మెచ్చుకోలుగా అన్నారు. నేను ఆ మాటను సర్టిఫికెట్‌లా మడిచి జేబులో పెట్టుకున్నాను. అడగని మనిషికి ఇవ్వకపోవడం తప్పెలా అవుతుంది? ఏడాదిగా నాకు నిద్ర పడుతున్నది ఆ సర్టిఫికెట్ బలం మీదే.

వైరు పెట్టి మీట నొక్కాను. నొక్కి టీ పెట్టుకున్నాను. టీ మరిగింది, తాగాను, గ్లాసు కడిగి బోర్లించాను, అప్పటికి తెర మీద కొంచెం నీలం వచ్చింది. ఇంకొంతసేపటికి ఒక ఫోల్డరు కనిపించింది. దాని పేరు అర్జీలు. లోపల వందల ఫైళ్లు, ఒక్కోదానికి ఒక్కో మనిషి పేరు, పక్కనే ఆ మనిషి కష్టం: తిమ్మక్క పింఛను, హుస్సేనప్ప బోరు, నర్సింలు గట్టు తగాదా. అన్నిటికన్నా చివర 'ప్రసాద్' అని ఒకటి ఉంది. కష్టం పేరు రాయలేదు. ప్రసాద్ అంటే నేను. నొక్కాను. గడియారం బొమ్మ తిరిగి తిరిగి మిషన్ మొత్తం బిగుసుకుపోయింది. ఆపి, మళ్లీ పెట్టి, మళ్లీ టీ తాగాను. నాలుగో టీ తర్వాత మిషన్ ఆపేశాను. అర్జీలు రాసే మనిషి దగ్గర నా పేరుతో ఫైలు ఉందంటే అర్థం ఒకటే. అర్జీ అంటేనే అడగడం. ఎవర్నీ ఏదీ అడగని అక్క నన్నేం అడిగింది?

ఈ అర్జీల సంగతి చెప్పాలంటే గద్వాలలో మా గది సంగతి చెప్పాలి. అమ్మా నాయనా పూణెలో బిల్డింగుల పనికి పోయేవాళ్లు. వానలు పడ్డాక మానవపాడుకు వచ్చి, రెండు నెలలుండి, మళ్లీ మూట కట్టేవాళ్లు. నన్ను గద్వాలలో చదివించే పని అక్కకు పడింది. నాకు పదమూడు, ఆమెకు పంతొమ్మిది. కోట వెనక సందులో ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుంది. ఇంటామెను వాళ్ల కూతురు షాహిన్ అమ్మీ అని పిలిస్తే మేమూ అమ్మీ అనే పిలిచాం. అమ్మీకి ఒక అలవాటుండేది. ఎవరికైనా ఏదైనా ఇస్తున్నట్టు కనపడటం ఆమెకు సిగ్గు. కూర దించగానే ఒక గిన్నెడు షాహిన్ చేతికిచ్చి మా గదికి పంపేది, "అమ్మీ ఉప్పు చూడమన్నది" అని. గిన్నెడు కూరలో ఉప్పు చూడటానికి మాకు రెండు రొట్టెలు పట్టేవి. గురువారం ఆమె వేసే సాంబ్రాణి పొగ, మా కిరోసిన్ స్టవ్వు వాసన, పెనం మీద జొన్నరొట్టె మాడిన అంచు, అక్క వేళ్లకు అంటిన రిబ్బన్ సిరా, ఇవన్నీ కలిస్తే వచ్చే వాసనకు ఇంతవరకు ఎవరూ పేరు పెట్టలేదు. పెడితే నేను కొనుక్కుంటాను.

అక్క టైపు నేర్చుకుంది, తర్వాత నన్నూ షాహిన్‌నీ కూడా లాక్కుపోయింది. "డిగ్రీ ఎన్నడొస్తదో ఏమో, ఏళ్లకైతే పని రానీ" అనేది. ఏళ్లంటే చేతి వేళ్లు. టైపు మాస్టరు దగ్గర ఒక పద్ధతి ఉండేది. నూనె డబ్బా కోసి చేసిన రేకు మూతను మిషన్ మీటల మీద గూడులా బోర్లించి, చేతులు దాని కిందికి పెట్టమనేవాడు. ఏ మీట ఎక్కడుందో కనపడకూడదు. "కన్నుతోని కొట్టెటోడు కన్ను పోతే పోతడు. ఏలితోని కొట్టెటోడు చచ్చేదాంక కొడ్తడు" అనేవాడు. తెలుగు మిషన్‌లో అక్షరం ఒకేసారి పడదు. ఒక మీటకు అక్షరం ఒళ్లు, ఇంకోదానికి తలకట్టు, ఇంకోదానికి కొమ్ము, వేరేదానికి వత్తు. ముక్కలు ముక్కలుగా పేర్చాలి. షాహిన్ లోయర్ పరీక్ష దాటి మానేసింది. నేను హయ్యర్ దాకా పోయాను. అక్క కోర్టు ఎదురుగా బల్ల వేసుకుంది.

ఆ బల్ల పక్కన స్టూలు మీద నేను చాలా సెలవులు గడిపాను. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ముందు ఏడ్చేవాళ్లు, తర్వాత తిట్టేవాళ్లు, తర్వాత వంశవృక్షం చెప్పేవాళ్లు. అక్క మిషన్ ముట్టుకోకుండా అంతా వినేది. వాళ్లు అలిసిపోయాక, "ఇంతకు ఏం కావాలె పెద్దమ్మా?" అని అడిగేది. అప్పుడు వాళ్లు ఒక్క వాక్యంలో చెప్పేవాళ్లు. అదే అర్జీ. "ఏడుపు అర్జీల రాయొద్దు తమ్మీ. అడిగేది రాయాలె" అని నాకు చెప్పింది. నేను తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా రాయడం గురించి ఇంతకు మించి ఏమీ తెలుసుకోలేదు. తెలుసుకుని పాటించలేదు కూడా.

అక్కడి నుంచే ఇంట్లో మా ఆట మొదలైంది. మొదలుపెట్టింది నేనే. ఒకరోజు కూరలో ఉప్పెక్కువైతే నోట్‌బుక్ కాగితం మీద, "గౌరవనీయులైన అక్కగారి సముఖమునకు, విషయం: ఉప్పు ఎక్కువగుట గురించి" అని రాసి రొట్టెల గంప మీద పెట్టాను. అక్క చదివి, నవ్వకుండా, కింద "విచారణ జరిపి చర్య తీసుకోబడును" అని రాసి సంతకం పెట్టింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరికేం కావాలన్నా అర్జీయే. విషయం: సినిమాకు పోవుట గురించి. విషయం: చెప్పు తెగుట గురించి. షాహిన్ కూడా ఇటు ఒక అర్జీ పడేసేది: మీ ప్రసాద్ నా పెన్ను తిరిగి ఇవ్వకుండుట గురించి. అక్క దేన్నీ తిప్పి పంపలేదు. ఏ అర్జీ అయినా సాయంత్రం రొట్టెలు కాల్చే లోపల తేలిపోవాలి. అంత చురుకైన కార్యాలయాన్ని నేను మళ్లీ చూడలేదు. అప్పుడు గమనించని సంగతి ఒకటి ఇప్పుడు గుర్తుకొస్తుంది: అర్జీలు పెట్టింది మేమిద్దరమే. అక్క ఎప్పుడూ పెట్టలేదు.

నేను చదువుకుని, నాగర్‌కర్నూల్ కాలేజీలో లెక్చరర్ అయి, వనపర్తిలో ఇల్లు తీసుకున్నాను. రోజూ బిజినేపల్లి మీదుగా బస్సులో పోయి వస్తాను. పెళ్లి విషయం చాలాకాలం పరిశీలనలో ఉండి, తర్వాత ఫైలు మూసివేయబడింది. అక్క విషయంలో ఆ ఫైలు తెరిచినవాళ్లే లేరు. నన్ను ఒడ్డున పడేసేసరికి ఆమెకు ముప్ఫై దాటాయి. ఆమె గద్వాలలో అదే గదిలో ఉండిపోయింది. అమ్మీ పోయింది. షాహిన్ పెళ్లయి వనపర్తి వచ్చి, బస్టాండు దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు పెట్టింది. టైపు మిషన్ల కాలం పోయాక అక్క ఆ చిన్న ల్యాప్‌టాప్ కొనుక్కుంది. గద్వాల నుంచి వనపర్తికి ఆత్మకూరు మీదుగా బస్సులు బాగానే ఉన్నాయి. బస్సులు లేవని నేనెప్పుడూ అనలేదు. ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. అప్పుడప్పుడు, "లాప్‌టాప్ జర మెల్లగ నడుస్తుంది తమ్మీ" అనేది. "పాతదైంది కదక్కా. వచ్చినప్పుడు చూస్త" అనేవాడిని. దాన్ని నేను అడగడం కింద వేసుకోలేదు. వార్త కింద వేసుకున్నాను.

ఆ ఆదివారం మర్నాడు ల్యాప్‌టాప్‌ను అదే తువ్వాలులో చుట్టుకుని షాహిన్ షాపుకు పోయాను. ఆమె మూత తెరిచి చూసింది. ఒక మీట మీద అక్షరం అరిగి నున్నగా ఉంది; అక్కడ వేలు పెట్టి తీసేసింది.

"ఎస్తేరక్కదా?"

"ఆమెదే. ఒక ఫైలు తెరవాలె. బిగుసుకపోతుంది."

షాహిన్ కూడా ప్రయత్నించింది. ఆమె టీ తాగదు కాబట్టి ఇద్దరు మనుషుల ఆధార్ ప్రింట్లు తీసి వచ్చింది. మిషన్ అప్పటికీ ఆలోచిస్తూనే ఉంది. "దీనితోని తెరుసుడు కాదు. లోపలున్న సిస్టం దీని బలానికి మించింది. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌ల తీసి, అంతా తుడిచి, లినక్స్ ఏస్త. గిసొంటి ముసలి వాటికి తేలికది వేరే ఉన్నది. ఉరుకుతది చూడు" అంది. నాకర్థమైనంతవరకు ఒళ్లు అదే ఉంటుంది, లోపలిది మార్చేస్తారు. మా చర్చిలో దీన్ని మారుమనస్సు అంటారు. దానికి పెన్‌డ్రైవ్ అక్కర్లేదు.

"తుడిస్తే మల్ల రాదు. ఇంకేమన్న ఉన్నయా లోపల తీసేటియి? ఫొటోలు, ఫాంట్లు?"

"ఫోల్డర్ ఒక్కటే. అంతే" అన్నాను. పాతికేళ్లు పాఠాలు చెప్పిన గొంతు అది. తెలియని విషయం చెప్పేటప్పుడే అది బాగా పలుకుతుంది.

ఆమె వెనక మూత విప్పి బ్రష్‌తో దుమ్ము దులిపింది. పెన్‌డ్రైవ్ గుచ్చింది, ఏవో ప్రశ్నలకు అవును అవును అని నొక్కింది. తెర మీద తెల్ల అక్షరాలు వరసలు వరసలుగా పరుగెత్తాయి. ఆ మధ్యలో నలుగురికి జిరాక్సులు తీసింది, ఒకాయన కుల ధ్రువీకరణ దరఖాస్తు పెట్టింది. అంతా కలిపి ఒక గంట. తర్వాత మీట నొక్కితే నేను కుర్చీ ముందుకు లాక్కునేలోపల తెర వెలిగింది. నిజంగానే ఉరికింది. సంవత్సరాల తరబడి మూలిగిన మిషన్ అలా లేచి కూర్చోవడం చూస్తే సంతోషించాలో నామోషీ పడాలో తెలియలేదు. 'ప్రసాద్' మీద నొక్కాను. రెప్పపాటులో తెరుచుకుంది.

పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు. మాటలు కావు, అక్షరాలు మాత్రమే. చిన్నవి, పెద్దవి, మధ్యలో సెమీకోలన్లు, బ్రాకెట్లు. పిల్లి మీటల మీద నడిచిపోయినట్టుంది.

షాహిన్ నా వంక చూసింది. "ఫాంటేది?"

అప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో టైపు మాస్టరు, పాత శిష్యుల వేళ్లు ఖరాబు కాకూడదని, మా మిషన్ మీటల వరసకే ఒక ఫాంటు చేయించుకొచ్చాడు. ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టిన ఫాంటు. గద్వాలలో మూడు నాలుగు షాపుల్లో తప్ప ఎక్కడా లేదు. అక్క జీవితమంతా దాంట్లోనే కొట్టింది. ఆ ఫాంటు ఆ పాత సిస్టంలో ఉంది. ఆ పాత సిస్టం ఇప్పుడు లేదు. "అడిగిననా లేదా?" అంది షాహిన్. "అడిగినవు" అన్నాను. గద్వాలకు రెండు ఫోన్లు చేసింది. ఒక షాపు ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతోంది. ఇంకో ఆయన ఫాంటు అంటే ఏ కంపెనీది అని అడిగాడు. మాస్టరు పోయి చాలాకాలమైంది.

లేచి వచ్చేయాల్సింది. చదవడం కుదరదని తేలిపోయింది. సర్టిఫికెట్ నా జేబులో భద్రంగా ఉంది. ఒక్క క్షణం ఊరట కూడా కలిగింది, దాచుకోను. కానీ మొదటి వరస చూస్తుంటే నా ఎడమ చేతి చిటికెనవేలు దానంతట అది కదిలింది. నాకు తెలియకుండా నా తొడ మీద ఏదో కొడుతోంది. "షాహిన్, గీ అక్షరాలు ఒక్కొక్కటి చదువు" అన్నాను. ఆమె నన్ను చూసి, వెంటనే అర్థం చేసుకుని, ఒక పాత కీబోర్డు నా ముందు పడేసింది. పేపర్ల అట్టపెట్టె మూత తెచ్చి నా చేతుల మీద బోర్లించింది. "మాస్టర్ రేకు లేదు. గిదే అనుకో. కండ్లు మూస్కో."

మొదటి మాట 'గౌరవనీయులైన' అని తేలింది. రెండో మాటకు "స్మాల్ కే. సెమీకోలన్. స్మాల్ ఎమ్. యు. క్యాపిటల్ ఎమ్" అని ఆమె చదువుతోంది. కళ్లతో చూస్తే నాకొక్కటీ తెలియదు. వేలు పోయిన చోటును బట్టి తెలుస్తోంది. త. తలకట్టు. మ. కొమ్ము. కింద మ వత్తు. "తమ్ము..." అన్నాను. షాహిన్ కాగితం మీద రాసుకుంది. దరఖాస్తు కోసం నిలబడ్డ ఒక పెద్దాయన మమ్మల్ని చాలాసేపు చూసి, "ఏంది బిడ్డా, సార్‌కు కండ్లు కనపడయా?" అని అడిగాడు. "కనపడ్తయి తాతా. చూడడు, అంతే" అంది ఆమె, తల ఎత్తకుండా. ఆయన సానుభూతిగా తలాడించి బెంచీ మీద కూర్చున్నాడు.

భోజనాల వేళ దాటింది. ఒక పేజీ పూర్తయ్యేసరికి నా మణికట్లు లాగుతున్నాయి. ఫైల్లో ఒకటి కాదు, మూడు అర్జీలున్నాయి, ఒకదాని కింద ఒకటి. మూడూ దాదాపు ఒకటే. గద్వాలలో జవాబు రాని అర్జీని మళ్లీ పెట్టేటప్పుడు పాతదానికి ఒక వరస కలిపి కొట్టేవాళ్లు. అక్క అదే పద్ధతి పాటించింది. షాహిన్ చివరిదాన్ని శుభ్రంగా వేరే కాగితం మీద దించి, షాపులో ఎవరికైనా చదివి వినిపించే గొంతుతోనే చదివింది:

"గౌరవనీయులైన తమ్ముడు ప్రసాద్ గారి సముఖమునకు. విషయం: ల్యాప్‌టాప్ మెల్లగా నడుచుట గురించి. సూచిక: ఇదివరలో ఫోనులో చేసిన మనవులు. గద్వాల నివాసి ఎస్తేరు అను నేను వినయపూర్వకముగా విన్నవించుకొనునది ఏమనగా, నా ల్యాప్‌టాప్ మిక్కిలి మెల్లగా నడుచుచున్నది. కావున తాము ఒకసారి గద్వాలకు వచ్చి చూడవలసినదిగా ప్రార్థన. బాగుచేయుటకు వీలు కానిచో, ఊరకే వచ్చి పోయినను చాలును."

సంతకం చోట ఖాళీ. అక్క ప్రింటు తీయలేదు కాబట్టి సంతకం పెట్టే అవసరం రాలేదు. అందులో ఏడుపు లేదు. అడిగేది మాత్రమే ఉంది. ఆమె రాసినవాటన్నిటిలాగే తప్పు పట్టడానికి వీల్లేని అర్జీ. మా ఇంట్లో అర్జీలు సాయంత్రం రొట్టెలు కాల్చేలోపల తేలిపోయేవి. ఇప్పుడు షాహిన్ షాపులో ఎవరి దరఖాస్తు సంగతి అడిగినా తెర మీద పెండింగ్ అని వస్తుంది, జనం దాన్ని వాతావరణంలా అలవాటు చేసుకున్నారు. నేను ఆ రెండో రకం కార్యాలయంగా ఎప్పుడు మారానో నాకు తెలియదు. ఉత్తర్వులేవీ అందలేదు. జేబులో సర్టిఫికెట్ ఉన్న చోట చేయి పెట్టి చూసుకోవాలనిపించింది. అట్టపెట్టె మూత కిందనుంచి చేతులు ఇంకా తీయలేదని అప్పుడు గమనించాను.

పెద్దాయన బెంచీ మీంచి లేచి తన కాగితాలు ముందుకు జరిపాడు. షాహిన్ ఆయన్ను ఆగమని చేత్తో సైగ చేసింది. చిన్న ల్యాప్‌టాప్ మూత వేసి, తువ్వాలులో చుట్టి, వైరును ఆ రిబ్బన్ ముక్కతోనే కట్టడానికి చూసింది. ముడి కుదరలేదు. ఊరికే చుట్టి నా వైపు తోసింది.

"గంట పని గిది, ప్రసాదూ. అక్క ఉన్నప్పుడే ఎందుకు తేలే?"